నాలుగింటి ఫోను

గ్రంథాలయం పై అంతస్తులో, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల ఇంటివారికి ప్రతి గురువారం జరిగే తరగతి ముగిసింది. అందరూ వెళ్లిపోయాక తరగతి చెప్పే నర్సు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. డెబ్బై దాటిన ఒకాయన అప్పుడు వచ్చాడు.

"పేరు కొట్టేయమంటే ఎలా కొట్టేస్తాను బాబాయ్ గారూ? కారణం చెప్పాలి కదా."

"కారణం ఏముందమ్మా. నేను పనికిరాను, అంతే. రిజిస్టర్లో ఒక గీత గీస్తే అయిపోతుంది. కావాలంటే నేనే గీస్తాను. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ని, గీతలు గీయడం ఒక్కటే నాకు బాగా వచ్చు."

"ముందు కూర్చోండి. నాలుగింటి క్లాసుకి ఆరింటికొచ్చారు, అదీ పేరు కొట్టేయించుకోడానికి."

"కూర్చోను. మా మరదల్ని కాపలా పెట్టొచ్చాను. అక్కనీ చూడాలి, టీవీ కూడా చూడాలి. రెండూ ఒకేసారంటే ఆవిడకి కష్టం."

"నా మీద కోపమా?"

"ఛ."

"మేమిచ్చిన పుస్తకంలో తప్పులున్నాయనా?"

"తప్పులంటే... ఉన్నాయనుకోండి. ఇరవై మూడు. కానీ అది కాదు."

"ఇరవై మూడా! పోయినసారి పదిహేడన్నారు!"

"మళ్లీ చదివాను."

"ఓపిక మీది. చదివారు సరే, లోపల ఏముందో అదైనా చూశారా?"

"అదే, అదే చెప్తున్నా. ఆ రెండో వారం గుర్తుందా? ఆ బస్సు డ్రైవరు, పాపం, వాళ్ల నాన్న తనని గుర్తుపట్టడం లేదని ఏడుస్తున్నాడు. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. అప్పుడు నేను చెయ్యెత్తాను."

"గుర్తుంది."

"మీరేమో ఈయనా తన బాధ చెప్పుకుంటాడు కాబోలని, 'చెప్పండి బాబాయ్ గారూ' అన్నారు ఎంతో జాలిగా."

"మీరేమో, ఆరో పేజీలో 'వ్యాధిగ్రస్థులు' తప్పు, 'వ్యాధిగ్రస్తులు' అనాలి అన్నారు."

"స కింద త వత్తు ఉండాలమ్మా, థ వత్తు కాదు."

"బాబాయ్ గారూ!"

"చూశారా? చూశారా మరి? నేనిలాంటి మనిషిని. అందుకే కొట్టేయండి."

"దానికి పేరు కొట్టేస్తే, ముందు నా పేరు కొట్టేయాలి. మా అత్తగారికి ఈ జబ్బు వచ్చినప్పుడు నేను ఆస్పత్రిలో నర్సుని. రోగులందరికీ ఓర్పు గురించి చెప్పి ఇంటికొచ్చి, 'ఇప్పుడే చెప్పాను కదా అత్తయ్యా' అని ఎన్నిసార్లు అరిచానో. ఆవిడ పోయాక కూడా ఆ మాట నోటికి అంటుకుపోయింది. మా కుక్కతో కూడా అనేదాన్ని."

"మీరు అరిచారు. నేను... సరే, వదిలేయండి."

"మీరు?"

"వదిలేయమన్నాగా. టైమెంతయింది?"

"ఆరుంబావు. మీరు?"

"క్లాసులో చేరినప్పుడు ఎందుకు చేరుతున్నారని అడిగారు. ఏం చెప్పాను?"

"రిటైరయ్యాక ఊసుపోవడం లేదన్నారు."

"అబద్ధం. మా ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరని చెప్పాను కదా. ఇప్పుడు సాయంత్రం కాగానే డ్యూటీకి టైమైందంటుంది. గుమ్మం వైపు వెళ్తుంది. నేనేమో, 'నువ్వు రిటైరై పద్దెనిమిదేళ్లయింది, ఆ ఎక్స్ఛేంజి పడగొట్టి బట్టల కొట్టు కట్టారు' అంటాను. రోజూ. తేదీలతో సహా. రోజూ ఆ ఉద్యోగం అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది. ఒకరోజు ఏడవలేదు. గడియ తీసింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను."

"ఊఁ."

"గట్టిగానే లాగాను. మణికట్టు కమిలింది. నాలుగు వేళ్ల గుర్తులు. డాక్టరుకి తలుపు తగిలిందని చెప్పాను."

"ఊఁ."

"ఏమీ అనరేంటి?"

"ఏమనను? ఈ గదిలో కూర్చునేవాళ్లలో సగం మంది ఇళ్లల్లో తలుపులు తగిలాయి బాబాయ్ గారూ. ఆ మాట పైకి చెప్పినవాళ్లు మీతో కలిపి ముగ్గురు. తర్వాత మళ్లీ జరిగిందా?"

"లేదు. ఒట్టు. ఆ మర్నాడే వచ్చి ఇక్కడ పేరు రాయించుకున్నాను."

"మరి ఇప్పుడు కొట్టేయమంటున్నారు."

"అంటున్నాను."

"నేను మొన్న చెప్పింది ఇంట్లో చేసి చూశారా, పోనీ? తప్పు దిద్దకండి, వాళ్లు ఎక్కడున్నారో మీరూ అక్కడికే వెళ్లండి అని."

"వెళ్లాను. నవ్వనంటే చెప్తాను."

"నవ్వను."

"బాత్‌రూములోకి వెళ్లాను."

"అదేంటి?"

"నవ్వనన్నారు! మా ఇంట్లో పాత ఫోనుంది. వైరు లేదు, లైను లేదు, ఉత్త డొల్ల. దాన్ని తుడిచి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. నేను బాత్‌రూములో దూరి తలుపు దగ్గరగా వేసి, ట్రింగ్ ట్రింగ్ అన్నాను."

"నోటితోనా?"

"మరి దేంతో? డెబ్బై రెండేళ్ల వాణ్ని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, ట్రింగ్ ట్రింగ్. బాత్‌రూమే ఎందుకంటే అందులో గొంతు కొంచెం మోగుతుంది, దూరం నుంచి మాట్లాడినట్టుంటుంది. పక్కింటాయన వెంటిలేటర్లోంచి పిలిచి, 'ఏమైనా అయిందాండీ' అన్నాడు. రాంగ్ నంబర్ అన్నాను."

"అయ్యో బాబాయ్ గారూ..."

"నవ్వుతున్నారు."

"లేదు, లేదు. చెప్పండి. ఆవిడ ఎత్తారా?"

"ఎత్తింది. 'నమస్కారం, ఎవరు కావాలండీ' అంది. ఏం గొంతమ్మా అది! నాలుగేళ్ల నుంచి గొణుగుడే వింటున్నాను. అంత తేటగా... 'లైన్లో ఉన్నారా సార్' అని మళ్లీ అడిగింది. ఉన్నానన్నాను."

"తర్వాత?"

"ఫలానా ఊరు కావాలన్నాను. లైన్లు ఖాళీ లేవు, ఉండమంది. ఉన్నాను. ఈలోగా కబుర్లు. ఎండ గురించి, మోకాళ్ల గురించి. మధ్యలో, పాత ట్రంకు కాల్ పద్ధతిలో, 'మూడు నిమిషాలయింది సార్, పొడిగించమంటారా' అంటుంది. పొడిగించమంటాను. మొదటిరోజు పదకొండుసార్లు పొడిగించింది."

"గుమ్మం వైపు వెళ్లలేదా?"

"ఎలా వెళ్తుంది, డ్యూటీలో ఉందిగా! మర్నాడు కూడా చేశాను. ఆ మర్నాడూ. నాలుగోరోజు ఏమందో తెలుసా? 'మీరెంత మర్యాదగా మాట్లాడతారండీ, మా ఇంట్లో ఒకాయనున్నారు, నోరు తెరిస్తే తప్పులు పట్టడమే' అంది."

"ఇంక నవ్వకుండా ఉండటం నా వల్ల కాదు."

"నవ్వండి. 'ఏం తప్పులు పడతాడమ్మా ఆయన' అన్నాను, తెలియనట్టు. పెళ్లికి ముందు ఆయనకో ఉత్తరం రాసిందిట. 'యెదురు చూస్తూ' అని రాస్తే ఆయనగారు ఎర్ర సిరాతో 'ఎదురు' అని దిద్ది, మొత్తం పదకొండు తప్పులని కింద వేసి తిప్పి పంపాడుట."

"పంపారా నిజంగా?"

"పంపాను. ఆ వయసులో అది ప్రేమనుకున్నాను."

"అయినా పెళ్లి చేసుకున్నారు ఆవిడ."

"అదే అడిగాను. 'మరెందుకు చేసుకున్నారమ్మా అలాంటివాణ్ని' అని. 'అంత శ్రద్ధగా నా ఉత్తరం ఇంకెవరూ చదవలేదు సార్' అంది. నేను కుళాయి తిప్పేశాను. ముక్కు చీదిన చప్పుడు వినపడకూడదు కదా."

"మంచినీళ్లు తాగండి. ఇదిగో."

"అక్కడితో ఆగితే బాగుండేది. ఐదోరోజు గొంతు తగ్గించి, 'సార్, నాకీమధ్య అన్నీ మర్చిపోతున్నట్టుంది. మా ఆయనకి చెప్పకండి' అంది. ఎందుకమ్మా, చెబితే ఏమవుతుందన్నాను. 'దిద్దుతారు' అంది."

"మరి ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారట?"

"జాగ్రత్త కోసం చీటీలు రాసి, దుప్పట్ల మధ్య దాచుకుంటున్నానంది. వెళ్లి అలమార తీసి చూశాను. ఉన్నాయమ్మా. పాత టిక్కెట్ల వెనకాల, మందుల చీటీల వెనకాల. గ్యాసు కట్టేయాలి. చెల్లెలి పేరు. మన వీధి మలుపులో మందుల షాపు. ఒకదాని మీద తేదీ ఉంది. డాక్టరు మాకు చెప్పడానికి రెండేళ్ల ముందుది. రెండేళ్లు! ఒకే ఇంట్లో ఉండి, పుస్తకంలో సున్నా జారిపోతే పట్టుకునేవాణ్ని, నాకు తెలియలేదు. నాకు తెలియకూడదనే కష్టపడింది."

"మీ గురించి ఏమైనా రాశారా వాటిలో?"

"ఒకటుంది. 'ఇంట్లో ఉండే ఆయన మా ఆయన. తప్పులు పడతారు. బయపడక్కర్లేదు.' అంతే. 'భ'కి బదులు 'బ' రాసింది."

"దిద్దారా?"

"దిద్దలేదు."

"మంచిది."

"చెయ్యి జేబులో పెన్ను దాకా వెళ్లింది, అబద్ధమెందుకు. కానీ దిద్దలేదు."

"బాబాయ్ గారూ, వచ్చే గురువారం కొత్తగా ఆరు కుటుంబాలు వస్తున్నాయి. ఈ పుస్తకం వదిలేసి, మీరు ఇప్పుడు నాకు చెప్పింది వాళ్లకి చెప్పండి. బాత్‌రూముతో సహా. పది నిమిషాలు చాలు."

"నేను రానని కదా చెప్తున్నాను."

"సిగ్గుపడుతున్నారా?"

"సిగ్గు ఎప్పుడో పోయింది. పక్కింటాయన పిల్లల్ని కూడా పిలిచి వినిపిస్తున్నాడు."

"మరేంటి? ఇంత బాగా చేసినవాళ్లు ఎవరూ లేరిక్కడ. ఏమైంది చెప్పండి."

"క్లాసు నాలుగింటికి కదా."

"నాలుగింటికే."

"ఆ ఫోను కూడా నాలుగింటికే. మొదటిరోజు ఏదో ఆ వేళకి చేశాను. పొద్దున తిన్నదేంటో గుర్తుండదు గానీ, నాలుగయ్యేసరికి తల దువ్వుకుని ఫోను పక్కన కూర్చుంటోంది. వరుసగా ఆరు రోజులు కూర్చుంది. ఏడోరోజు గురువారం. నేనిక్కడ మూడో వరసలో కూర్చుని ఓర్పు గురించి నోట్సు రాసుకుంటున్నాను, అక్కడ ఆవిడ రెండున్నర గంటలు రిసీవరు ఒళ్లో పెట్టుకుని కదల్లేదుట. మా మరదలు చెప్పింది."

"అయ్యో. ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా! పొద్దున బ్యాచికి మార్చేదాన్ని. అందుకేనా ఇవాళ ఆరింటికొచ్చారు? నాలుగింటికి ఫోను చేసి..."

"చేసొచ్చాను. కానీ మీకు చెప్పాల్సింది అది కాదు. పోయిన గురువారం ఇంటికెళ్లి తలుపు తీశానా? ఎనిమిది నెలల నుంచి నన్ను చూస్తే, 'ఎవరండీ మీరు, ఎవరు కావాలి' అనే అంటోంది. ఆ రోజు లేచి ఎదురొచ్చింది. 'ఏమండీ' అంది."

"గుర్తుపట్టారా? మిమ్మల్నే?"

"నన్నే నర్సమ్మా. నా చొక్కా పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, 'ఏమండీ, ఆయన ఇవాళ ఫోను చెయ్యలేదండీ' అని నాతో చెప్పుకుంది."