రెండో సగం

ఏంటమ్మా టీచరమ్మా, ఊరి హాల్లో ఐరిష్ క్లాసు పెడుతున్నావట? మంచిదే. కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది. మా అత్తగారు నాబ్లా గురించి ఎవరైనా చెప్పారా నీకు? చెప్పరులే, ఆవిడ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఈ క్లేర్ జిల్లా కొండవాలున ఐరిష్ నోరారా మాట్లాడిన ఆఖరి మనిషి. డబ్లిన్ నుంచి పిల్లలు వచ్చేవాళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకోడానికి. ఎత్నా అని ఒక డాక్టరుగారి అమ్మాయైతే ప్రతి వేసవీ ఇక్కడే. దాన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని పాటలూ, తిట్లూ, జపాలూ అన్నీ నూరిపోసింది. మరి సొంత కూతురికో? నా పెళ్ళాం డీలియాకి ఒక్క ముక్క అంటనిచ్చింది కాదు. ఇది చిన్నప్పుడు చెవులు రిక్కించి వింటుంటే, "పోవే, పోయి ఇంగ్లీషు చదువుకో! రేపు అమెరికా పోతే, బోస్టన్‌లో ఈ భాషతో అంట్లు తోమడానిక్కూడా పెట్టుకోరు నిన్ను" అనేదట. తీరా చూస్తే ఇది బోస్టన్ పోనేలేదు, నన్ను చేసుకుని ఇక్కడే పడుంది. ఖర్మ!

ఏం చెబుతున్నా? ఆఁ, మరియమ్మ జపమాల. మన ఇళ్ళల్లో ఒకరు సగం చెప్తే మిగతా సగం అందరూ అందుకోవాలి కదా. పిల్లలతో అది ఇంగ్లీషులోనే చెప్పించేది ముసల్ది. ఆవిడ ఆఖరి చలికాలం, పక్షవాతమొచ్చి పడిపోయింది. ఇంగ్లీషంతా తుడిచిపెట్టుకుపోయింది ఆవిడ నోట్లోంచి. ఇక పోతుందనగా ఐరిష్‌లో జపం మొదలెట్టింది. సగం చెప్పి ఆగింది. మా మొహాల్లోకి చూస్తోంది. డీలియా ఇంగ్లీషులో అందుకుంది. ఊహూఁ, తల అడ్డంగా తిప్పి మళ్ళీ మొదట్నుంచీ. ఫాదరుకి లాటిన్ వచ్చుగానీ ఐరిష్ రాదు. నేనా? మా అమ్మదీ అదే బాపతు, నాకేం నేర్పింది గనక! పొద్దంతా అదే సగం. గొంతు పోయాక పెదాలతో. అలా ఎదురుచూస్తూనే పోయింది. టెలిగ్రాం ఇస్తే ఎత్నా మట్టి కప్పాక వచ్చింది. సమాధి దగ్గర మోకరించి ఆ రెండో సగం గడగడా చెప్పేసింది. డీలియా దాని భుజం పట్టి లాగి, "నోర్ముయ్! మా అమ్మ నాకివ్వకుండా దాచిందంతా నీకు దోచిపెట్టింది" అని అరిచింది. అరిచి అక్కడే కూలబడి, "మళ్ళీ చెప్పు. మెల్లిగా చెప్పు" అంది. నేర్చుకుంది. ఆ ఒక్క సగమే. ఎత్నా మళ్ళీ ఈ వైపు రాలేదు. డీలియా రోజూ దీపం పెట్టే వేళ వాళ్ళమ్మ ఖాళీ మంచం వైపు తిరిగి అదే చెప్పుకునేది. మొన్న, తను పోయేరోజున కూడా అదే. మొదటి సగం చెప్పమని నా చెయ్యి నొక్కుతుంది. నాకు రాదని తెలుసు దానికి. అయినా నొక్కుతుంది...

హాల్లో పైకప్పు కారుతుంది. ఆ బకెట్ పట్టుకెళ్ళు.