గుమ్మం వైపుకే

మంచం మీద, ఇళ్ళకి రంగులు వేసిన పెద్దాయన. పక్కన కుర్చీలో, ఊరెళ్ళే సంచి ఒళ్ళో పెట్టుకుని, కాలేజీలో సాహిత్యం చెప్పే కూతురు.

“మళ్ళీ చెప్పు నాన్నా, పుస్తకంలోకి రాసుకుంటా.”

“ఏముందే చెప్పడానికి? తడిగోడను చూసి తిట్టకూడదన్నా. ఆరాక చూడాలి.”

“అబ్బ, ఎంత మాట! మనుషుల మీద తొందరపడి తీర్పు చెప్పకూడదని. ఇతివృత్తమంటే ఇదీ!”

“ఇతివృత్తమా నా మొహమా! తడి మీద మచ్చలు కనిపిస్తాయి. ఇంటాయన గొడవ చేస్తాడు.”

“నీకు తెలియకుండానే చెప్పావు.”

“తెలియక చెప్పేది నేను, తెలిసినట్టు రాసేది నువ్వు. బాగుంది వరస. ఇంకోటి రాసుకో. నేలకి రంగు లోపలి మూల నుంచి మొదలెట్టి గుమ్మం వైపు రావాలి.”

“అంటే... వెళ్ళే దారి ముందే చూసుకోవాలనా?”

“కాళ్ళకి అంటుకోకుండా అని.”

“నాన్నా!”

“రాయడం ఆపేశావేం? చావు గురించి అనుకున్నావా? పిచ్చి మొహమా! నేనొక్కసారి తిరగేసి వేశా, తెలుసా? గుమ్మం దగ్గర మొదలెట్టి లోపలికి.”

“నువ్వా? ఎప్పుడు?”

“పెళ్ళైన కొత్తలో. మీ అమ్మ అలిగి, పుట్టింటికని పెట్టె సర్దింది. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరం మూలన చిక్కడిపోయాం. నేల ఆరేసరికి అలకా తీరింది.”

“పోయేదాకా చెప్పనేలేదు అమ్మ! ఇందులో ఇతివృత్తం ఏంటంటే...”

“చాల్లేవే. బండి ఎన్నింటికి?”

“మూడింటికి. రేపు పిల్లలకి పరీక్షలు, తప్పదు. ఆదివారం వచ్చేస్తాగా.”

“ఆదివారమా...”

“డాక్టరు ఏమన్నాడో నాకూ తెలుసు. అలా చూడకు.”

“నేనేమన్నాను? వెళ్ళిరా. ఉండమన్నానా?”

“అనవు. హాస్టల్లో దింపినప్పుడూ అనలేదు, అత్తారింటికి పంపినప్పుడూ అనలేదు. ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోయింది? సరే, వస్తా... ఇందాకట్నించి ఈ రంగు వాసనేంటి?”

“నా ఒంటిదే. ఇన్నేళ్ళది ఊరికే పోతుందా?”

“ఈ తలుపెవరు వేశారు?”

“గాలికి పడుంటుంది.”

“నాన్నా! హాలంతా తడి! బాబాయి వీధి గుమ్మంలో బ్రష్షు పట్టుకుని నవ్వుతున్నాడు!”

“పని నేర్పింది నేనేగా. చూశావా, గుమ్మం వైపుకే వెళ్ళాడు.”

“నేనెలా వెళ్ళను? ఎప్పటికి ఆరుతుందిది?”

“సాయంత్రానికి.”

“పోనీలే, రాత్రి బండి ఒకటుంది...”

“రెండో పూత కూడా వెయ్యమన్నానే, తల్లీ.”