గీత మీద పడితే లోపలే

ఏంటే అపూర్వా, ఫోన్లో ఆ కేకలు? టెన్నిసా? ఏదీ, కాస్త ఇటు తిప్పు. మగవాళ్ళ సింగిల్సేనా... ఊఁ. అదేంటి, గీతల వెనకాల నిలబడేవాళ్ళు, కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు ఏరీ? మిషను చెప్తోందా ఇప్పుడు? మరి అవుటని అరిచింది మనిషి గొంతులాగే ఉందే. సర్లే, తప్పు చెప్పదంటావు, చెప్పదేమో. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఒకాయన తెలుసమ్మా. ఉమాకాంతం అని, నందిగామలో నేను సోషలు చెప్పే రోజుల్లో మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు. నువ్వు పుట్టకముందు మాట. తొంభై ఏడో, తొంభై ఎనిమిదో... ఆ ఏడు పచ్చపురుగు పత్తిని తినేసింది, అదీ గుర్తు. మనిషి ఆరడుగులు. పెళ్ళికొచ్చినా మెళ్ళో విజిలుండేది. గొంతంటావా, గ్రౌండులో కేకేస్తే బస్టాండులో కండక్టరు ఉలిక్కిపడి తనూ విజిలేసేవాడని చెప్పుకునేవాళ్ళం. చెప్పుకోవడమే అనుకో, కానీ అంత పనీ చేసేవాడే.

ఆయనకి అసలు పేరు కబడ్డీలో వచ్చింది. జగ్గయ్యపేటలో పోటీలన్నా, మన చుట్టుపక్కల ఏ ఊళ్ళో పోటీలన్నా గీత దగ్గర ఉమాకాంతం నిలబడాల్సిందే. ఒకసారి ఆ పేటలోనే దిలీప్ అని ఓ పెద్ద రైతు కొడుకు కూతకెళ్ళి తిరిగొస్తూ ముగ్గు గీత తొక్కాడు. ఈయన అవుటన్నాడు. వాళ్ళ వాళ్ళంతా మీదకొచ్చేశారు. ఈయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముగ్గులో బొటనవేలి అచ్చు చూపించాడు. అంతే, చల్లారిపోయారు. పుస్తకంలో రూలేముందో నాకు తెలీదు గానీ, మన వైపు ఊళ్ళాటల్లో గీత తొక్కితే అవుటే కదా. ఆడపిల్లల తొక్కుడుబిళ్ళయినా అంతేగా. గీతంటే బయట. అది ఆయన ఒంట్లో ముప్ఫయ్యేళ్ళుగా ఇంకిపోయింది. అదే కొంప ముంచింది చూడు.

పేట దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో క్లబ్బు ఉండేది. దానికో టెన్నిసు కోర్టు. క్లబ్బు సెక్రటరీ భవానీప్రసాద్ గారని మంచి సరదా మనిషి, ఆఫీసర్లకి పోటీలు పెట్టి, గీతలు చూడ్డానికి మా ఉమాకాంతాన్ని పిలిచాడు. ఆ పెద్ద పేరు విని పిలిచాడులే. ఈయన తెల్లప్యాంటూ తెల్లబూట్లూ వేసుకుని వెళ్ళాడు. వెళ్ళి ఏం చేశాడు? గీత మీద పడ్డ ప్రతి బంతికీ అవుట్, అవుట్ అని అరవడమే. టెన్నిసులో గీత మీద పడితే లోపలే కదా మరి. ఆ గొంతుకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? సగం ఆటయ్యాక భవానీప్రసాద్ గారు మెల్లిగా పక్కకొచ్చి, గీత కూడా కోర్టులోదేనండీ మాస్టారూ అన్నాట్ట. ఈయన, గీత లోపలదైతే ఇక బయటెక్కడండీ మొదలయ్యేదీ అని అడిగాట్ట. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు పైటలు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

కబురు ఈయనకన్నా ముందే నందిగామ చేరింది. టీ కొట్టు స్తెఫను ఉన్నాడే, వాడి నోటికి హద్దుండేది కాదు. గ్లాసు బల్ల అంచున పెట్టి, మాస్టారూ, ఇది లోపలా బయటా అనేవాడు. అదింకా నయం. తర్వాత కబడ్డీలో పిల్లలు కూడా మొదలెట్టారు. ఈయన అవుటంటే, సరిగ్గా చూశారా సార్ అని. అంతకుముందు ఆ మాట అడిగినవాడు లేడు. ఆ రోజు ఇంటికొచ్చి విజిలు తీసి మేకుకి తగిలించేశాడు. ఆ సంగతి ప్రసూనాంబగారు మా ఇంటికొచ్చి చెప్పింది. ఆయన భార్య. ఈయన గొంతంతా ఆవిడ దగ్గర ఎటుపోయేదో, ఆవిడ మెల్లిగా ఒక మాటంటే చాలు, చంటిపిల్లాడిలా వినేవాడు.

భవానీప్రసాద్ గారు మాత్రం మనిషిని వదల్లేదమ్మా, అది చెప్పుకోవాలి. హైదరాబాదులో పెద్ద టోర్నమెంటు జరగబోతోంది, మగవాళ్ళ సింగిల్సు, పైదేశాల నుంచి ఆట మీదే బతికేవాళ్ళొస్తారు, గీతలు చూసేవాళ్ళు కావాలని క్లబ్బులన్నిటికీ కబురొచ్చింది. ఆయన స్కూటరేసుకుని నందిగామ వచ్చి, కన్ను మహా మంచిదండీ మీది, నోటికే తొందర, అది తగ్గించుకుంటే మీ పేరు పంపిస్తా అన్నాడు. ఇంకోడైతే ఛీ పొమ్మనేవాడు. ఈయన ఆ సాయంత్రమే పెరట్లో సున్నంతో గీత గీశాడు. ప్రసూనాంబగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి బంతి విసరడం, ఈయన చెప్పడం. బంతి గీత మీద పడ్డం తరవాయి, అవుట్. వాళ్ళ గోడా మా గోడా ఒకటేగా, రోజూ వినేవాణ్ణి. ఆవిడ, పడనివ్వండీ ముందు, బంతి ఇంకా నా చేతిలో ఉంది, అనేది. చివరికి ఆవిడే ఉపాయం చెప్పింది. నోటి నిండా నీళ్ళు పోసుకుని నిలబడమంది. బయట పడితే మింగి అరవాలి. లోపల పడ్డా, గీత మీద పడ్డా మింగొద్దు, రెండు చేతులూ ఇలా కిందికి చాపి పరిచినట్టు చూపించాలి, టెన్నిసులో అదే గుర్తు. మొదట్లో ఆ నీళ్ళన్నీ చిక్కుడు పాదు మీదే. తర్వాత తర్వాత కుదిరింది. ఆదివారాలు భవానీప్రసాద్ గారు కోర్టులో నిలబెట్టి చూసి, ఇక ఫర్వాలేదన్నాడు.

నన్ను తోడు రమ్మంటే బయల్దేరా. హైదరాబాదులో గీతలు చూసేవాళ్ళందరికీ పెద్ద కృపావతి గారని ఒకావిడ. కచ్చితమైన మనిషి. పొద్దున మొదటి ఆటలోనే ఈయన గీత మీద పడ్డ బంతికి అరిచేశాడు. అక్కడ నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చోనిస్తారా మరి. పై కుర్చీలో అంపైరు అప్పటికప్పుడు అది తప్పని మైకులో చెప్పాడు. ఆట అయ్యాక ఆవిడ పిలిచి, ఇంకోసారి ఇలా అయితే సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవచ్చు మాస్టారూ అంది. గట్టిగా కూడా అనలేదు. ఈయన బయటికొచ్చి, దత్తుగారూ, ఏ మొహం పెట్టుకుని ఊళ్ళో దిగాలండీ అన్నాడు. నేను ఎస్టీడీ బూత్‌కి తీసుకెళ్ళి, భవానీప్రసాద్ గారింటికి కాదు, మా ఎదురింటి మందుల షాపుకి ఫోను చేయించి ప్రసూనాంబగారిని పిలిపించా. అంతా విని ఆవిడ, నీళ్ళు లేకపోతే ఏమైందండీ, ఉత్త గుటక వెయ్యండి, గుటక వేశాక మాట్లాడండి, అని పెట్టేసింది.

సాయంత్రం ఆట. ఒకవైపు పొడుగాటి తెల్లవాడు, ఇంకోవైపు మన తెలుగు కుర్రాడే, గుంటూరు వైపు వాడన్నారు. బక్కగా ఉన్నా పాదరసం. జనమంతా వాడి వైపే, నేనూను. మూడో సెట్టు దాకా లాగాడమ్మా. ఆఖర్న తెల్లవాడికి ఒక్క పాయింటొస్తే అయిపోయిందనగా ఆ తెల్లవాడే బలం కొద్దీ ఒకటి కొట్టాడు. అది సూటిగా మా ఉమాకాంతం కుర్చీ ముందున్న గీత దగ్గరికే వచ్చింది. బంతి నేలని తాకకముందే గ్యాలరీ గ్యాలరీ అంతా అవుటని ఒక్క అరుపు. సిమెంటు నేల, అచ్చు పడదు, వంగి చూపించడానికేం ఉండదు. ఆయన నోరు తెరుచుకోవడం నేను చూశా. అయిపోయిందనుకున్నా. అంతలో ఆయన గొంతు దగ్గర గుటక పడ్డం కూడా కనిపించింది, అంత దూరం నుంచీను. నోరు మూసుకుంది. రెండు చేతులూ కిందికి పరిచాడు.

ఎంత గోల అనుకున్నావ్. నా పక్కవాడు, ఎవడు పిలిచి కూర్చోబెట్టాడీ గుడ్డివాణ్ణి అంటూ తిట్టాడు. నేను ఆయన తాలూకని చెప్పలేదులే, చెప్తే నన్నూ తోసేసేవాడు. ఆ కుర్రాడు బ్యాటు పట్టుకుని సరాసరి ఆయన కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆటగాళ్ళతో మాట్లాడకూడదక్కడ. కుర్రాడు తెలుగులోనే అడిగాడు, ఆ మాట తర్వాత ఉమాకాంతమే చెప్పాడు నాకు.

“సార్, నిజంగా గీత తగిలిందా?”

ఈయన చేతులు అలాగే ఉంచాడు, కళ్ళు మాత్రం వాడి కళ్ళల్లోంచి తియ్యలేదు. కుర్రాడు ఆ చేతుల వంక కాసేపు చూశాడు. పై కుర్చీ వైపు తిరగనైనా తిరగలేదు. సరే సార్, అన్నాడట. నెట్టు దగ్గరికెళ్ళి తెల్లవాడితో చెయ్యి కలిపాడు. అంత గోలా దానంతటదే దిగిపోయింది. నా పక్కవాడు కూడా, పోన్లే, తగిలిందేమోలే, అన్నాడు.

జనం లేచి వెళ్ళిపోతున్నారు, ఈయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు. నేను దిగి దగ్గరికెళ్ళేసరికి కృపావతి గారు నిలబడి, రేపు పదింటికి సెమీఫైనలుంది, మీకిదే గీత వేస్తున్నా మాస్టారూ, కాస్త ముందే రండి, అంటోంది. ఈయన తలూపాడు గానీ, ఆ రెండు చేతులూ ఇంకా కిందికి పరిచే ఉన్నాయమ్మా. ఆవిడ వాటి వంక చూసింది, నవ్వలేదు. ఇక తీసెయ్యండి, ఆట అయిపోయింది, అంది... నాకింకా ఆ చేతులే... ఊఁ.

ఆ తలుపు దగ్గరికి వెయ్యి, ఈగలొస్తున్నాయి.