అన్నగారి అతుకును విరిచిన చేతులు

1989 జూన్ 5వ తేదీన మా కర్మాగారపు పరీక్షాలయంలో సహాయకురాలిగా అడుగుపెట్టి, అంచెలంచెలుగా దాని అధిపతి స్థానాన్ని అలంకరించిన మేమంతా అక్కయ్యగారని పిలుచుకునే మా మేడమ్ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఉక్కును అతికించేది వెల్డర్లయితే, ఆ అతుకులను వంచి, లాగి, కోసి నిగ్గు తేల్చేది ఆమె. అందుకే వెల్డర్లు ఆమెకు ‘విరుపుల మేడమ్’ అని పేరు పెట్టారు. ఎదుట మాత్రం ఎవరూ నోరు మెదిపేవారు కాదు.

ఆ తొలినాళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగానే ఉంటుంది. రేకుల కప్పు, యాసిడ్ వాసన, అతుకులను వంచి చూసే, నూనె కారే పాత ప్రెస్సు, వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టే ఓవెన్‌లో మేము దొంగచాటుగా దాచే టిఫిన్ డబ్బాలు. “మీ డబ్బాల ఆవిరి రాడ్లకెక్కితే జాయింట్ నిండా బొక్కలే. తియ్యండి ముందు,” అని ఆమె కసిరి, తన డబ్బాలోంచి మాకు పంచేవారు.

ఆవిరి పారే మామూలు ఉక్కు గొట్టాలకు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలను అతికించే పని మాకు తొలిసారి వచ్చినప్పుడు, ఆ పని చేసే విభాగంలో చోటు కోసం పరీక్షకు నిలిచినవారిలో ఆమె అన్నగారు ఒకరు. తండ్రి లేని ఇంట్లో చెల్లెలిని చదివించింది ఆయనే. నెగ్గితే వెల్డర్, లేకపోతే మళ్లీ రేకులు కోసే పనే. ఆయన అతుకు చూపులకు కడిగిన ముత్యంలా ఉంది. ప్రెస్సులో వంచగానే అంచు వెంబడి పగిలింది.

“అన్నయ్యగారిదే కదా మేడమ్, చూసీచూడనట్టు పోదాం,” అన్నాడు పక్కనున్న ఫోర్‌మన్.

“పగిలింది కదండీ. పగిలిందనే రాస్తాను,” అన్నారామె. అలాగే రాసి సంతకం పెట్టారు.

అన్నగారు ఆమెతో మాటలు మానేశారు. కొన్నాళ్లకు ఆమే పట్టుబట్టి ఆయనను పరీక్షాలయానికి తీసుకొచ్చి, కోసి నునుపు చేసిన ముక్కను భూతద్దం కింద పెట్టారు. “కరెంటు ఎక్కువ పెట్టావు అన్నయ్యా. మామూలు ఉక్కు మరీ కరిగి రాడ్డు లోహంలో కలిసిపోయింది. ఇదిగో, ఇక్కడ పెళుసెక్కింది.” ఆయన భూతద్దం మీదికి వంగి ఆ చోటు చూసి వెళ్లిపోయారు. మరుసటి పరీక్షలో ఆయన అతుకు వంగింది గాని పగల్లేదు.

ఏనాడో పదవీ విరమణ చేసిన ఆ అన్నగారిని మా కర్మాగారపు పత్రిక ఈ సంచిక కోసం నాలుగు మాటలు చెప్పమని అడిగాను. “కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత మా అబ్బాయి ఆ ఆవిరి గొట్టాల పక్కనే డ్యూటీ చేశాడు. చెల్లి పాస్ చేసిన జాయింట్లు కదా అని నేను ఇంట్లో హాయిగా నిద్రపోయేవాణ్ణి,” అన్నారు.

ఇన్నేళ్లూ మా ఇళ్లన్నిటిలోనూ అలాగే నిద్రపోయారు. ఇకపై ఆ నిశ్చింత ఆమెకూ దక్కాలని, ఆయురారోగ్యాలతో, అన్నగారి కుటుంబం చెంత నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.