మూడో పిలుపు

దోహాకి ఉత్తరాన, అల్ రువైస్ ఊరు దాటాక, సముద్రం వెనక్కి తగ్గిన బురద మేట పక్కన ఆగిన కారు. తెల్లారిందన్న మాటే గానీ మంచు ఎంత దట్టంగా ఉందంటే సొంత కారు బానెట్టే కనిపించడం లేదు. లోపల సుధాకరరావు, ఆయన భార్య లలితకుమారి. ఆమె తమ్ముడు హరి దిగి వెళ్ళి చాలాసేపయింది. ఇప్పుడే మంచులోంచి “అక్కా!” అని ఒక పిలుపు వచ్చింది.

“పలకకండి! మీరు కాసేపు నోరు తెరవకండి.”

“అదేమిటోయ్! పిలుస్తున్నది నీ తమ్ముడు.”

“తమ్ముడైతే మళ్ళీ పిలుస్తాడు. ఒక్క పిలుపుకి మేం పలకం.”

“మేం అంటే?”

“మా పుట్టింటివాళ్ళం. చీకట్లో ఎవరైనా పిలిస్తే మా అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టి ఆపేది. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి. అదయితే రెండుసార్లకి మించి పిలవలేదు.”

“అది అంటే?”

“అది అంటే అదే. పొద్దున్నే దాని పేరు నాతో చెప్పించకండి.”

“దోహాలో పిల్లలకి ఫిజిక్స్ చెప్తావు నువ్వు. ధ్వని తరంగాలూ, ప్రతిధ్వనీ... హవ్వ!”

“బళ్ళో చెప్పేది బళ్ళో. ఇక్కడ మంచు.”

“తెల్లారిందోయ్!”

“ఆ సంగతి ఈ మంచుకి ఎవరు చెప్పారు? అయినా నన్ను వెక్కిరించడానికి మీకు నోరెలా వస్తోందండీ? ఎప్పట్నుంచో ఆ దొర పుస్తకం ముందేసుకుని తెలుగు చేస్తున్నారు. అందులో ఉన్నదీ ఇదేగా?”

“అది కథ. వందేళ్ళ కిందటి వేట కథ.”

“కథే అయితే ఆఖరి అధ్యాయం దగ్గర ఎందుకు ఆగిపోయారు?”

“...మాటలు కుదరక.”

“భయమేసి. చెప్పండి, ఏముంది అందులో?”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. వాడు రెండోసారి పిలిచేదాకా చెప్పండి.”

“దొర నల్లమలలో అడవి ఆఫీసరు. కుండలో నోరు పెట్టి మగపులిలా పిలిచేవాడు. ఆడపులి తన జోడే అనుకుని వచ్చేది. కాల్చేవాడు.”

“పాపిష్టివాడు.”

“ఒక సాయంత్రం అలాగే పిలిచి కూర్చుంటే, అడవిలోంచి అతని పేరే వినిపించింది. అతని గొంతుతోనే.”

“అమ్మో.”

“జాడలు తీసే చెంచు మనిషొకడు పక్కనే ఉన్నాడు. ‘పలకద్దు దొరా’ అన్నాడు. రెండోసారీ వచ్చింది. దొర నోరు తెరవబోయాడు. అంతలో ఆ చెంచు మనిషే ‘ఓయ్’ అని పలికి, లేచి అటు వెళ్ళిపోయాడు.”

“వెళ్ళి?”

“వెళ్ళాడు, అంతే. మర్నాడు దొర కుండ పగలగొట్టేశాడు. మళ్ళీ తుపాకీ ముట్టలేదు. మిగిలిన బతుకంతా కథలు రాయడమూ, ఆ అడవిని ఎవరూ ముట్టుకోకుండా వదిలెయ్యండని పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డమూ. కానీ దారి తప్పినప్పుడల్లా ఆ చెంచు మనిషి గొంతు వినిపించేదిట.”

“పిల్లలకి రాసిన పుస్తకమన్నారు!”

“అప్పట్లో పిల్లలు గట్టివాళ్ళు.”

“మీరు నవ్వకండి. హరి ఆ డబ్బా ఎందుకు తెచ్చాడండీ?”

“నేనూ అదే అడిగా. ఈ తీరాన తిరిగే కర్వాన్ పిట్టలు ఫొటోకి దగ్గరగా వస్తాయి బావా అన్నాడు. పిట్ట గొంతుతో అరిచే ఆ పిలుపు డబ్బాలు ఈ దేశంలో నిషేధమని వాడికి తెలుసు.”

“వేటకి కదా నిషేధం? వాడు తీసేది ఫొటోనే.”

“దొర కుండకీ దీనికీ తేడా ఏమిటి? జోడు పిలుస్తోందనుకుని ఆ పిట్ట పరిగెత్తుకొస్తుంది. వచ్చి చూస్తే డబ్బా! నాకైతే మాచెడ్డ కోపమొచ్చింది. అక్కాతమ్ముళ్ళు కలిసి నా నోరు మూయించారు.”

“ష్... విన్నారా?”

“విన్నాను. ‘అక్కా’ అనే. ఈసారి నీళ్ళవైపు నుంచి.”

“రెండోది. ఇంకొక్కటి వస్తే...”

“ఇంకొక్కటి వచ్చేలోపు పోటు వస్తుందోయ్! ఆ మేట మీదకి నీళ్ళు ఎంత తొందరగా ఎక్కుతాయో తెలుసా? వాడి ఫోన్ చూస్తే కారులోనే పడుంది. హారన్ కొట్టు.”

“ఇదిగో, కొడుతున్నా. అన్నివైపుల నుంచీ మోగుతున్నట్టుంది. వాడికేం తెలుస్తుంది?”

“ఉండు, నేను దిగుతా. ఓయ్ హరీ! వస్తున్నా! అక్కడే ఉండు!”

“అయ్యో! మీరెందుకు పలికారు? పిలిచింది నన్ను!”

“నీ బదులు నేను పలికాను. సరిపోయిందా?”

“ఏమండీ! ఆ చెంచు మనిషి చేసిందీ ఇదే! ఏమండీ, ఫోనైనా తీసుకెళ్ళండి! ఏమండీ!”

*

“అక్కా, తలుపు తియ్.”

“ఎవరు?”

“ఎవరేంటి? హరిని.”

“ఇంకో రెండుసార్లు పిలువు.”

“నీకేమైనా పిచ్చా? అక్కా. అక్కా. చాలా? కరక్ చాయ్ కప్పులు, చేతులు కాలుతున్నాయి.”

“చాయా? ఎక్కడిది?”

“పెట్రోల్ బంకు దగ్గర. మంచులో ఏమీ కనపడక రోడ్డు పట్టుకుని అటు పోయా. బావేడీ?”

“నువ్వు మేట మీద లేవా?”

“మేట అంచున డబ్బా ఆన్ చేసి పెట్టి, అప్పుడే వెనక్కి వచ్చేశా. ఏం?”

“నన్ను పిలిచావు. రెండుసార్లు. నీళ్ళలోంచి.”

“నేనా? బంకు దగ్గర్నుంచి పిలిస్తే నీకేం వినబడుతుంది?”

“ఆ డబ్బాలో నీ గొంతు ఎక్కించావా? నిజం చెప్పు.”

“దాంట్లో మైకే లేదక్కా. పిట్ట గొంతు ఒక్కటే. ఇంతకీ బావేడీ?”

“నీ కోసమే వెళ్ళారు. నీ గొంతుకి పలికి వెళ్ళారు.”

“ఎటు?”

“నీళ్ళవైపు.”

“పోటు టైమిది! బావా...”

“నోర్ముయ్! అరవకు!”

“చెయ్యి తియ్, ఊపిరాడట్లేదు!”

“నీ గొంతు వినే అటు పోయారురా. మళ్ళీ నీ గొంతే వింటే అది ఎక్కడుందో, నువ్వెక్కడున్నావో ఆయనకేం తెలుస్తుంది? ఇంకా లోపలికి పోతారు.”

“అయితే నువ్వు పిలువు.”

“ఏమండీ! ఏమండీ!”

“గట్టిగా!”

“ఏమండీ!... జవాబు లేదురా. పోలీసులకి ఫోన్ చెయ్.”

“చేస్తున్నా. అక్కా, ‘ఏమండీ’ అంటే లాభం లేదు. అది ‘అక్కా’ అనగలిగితే ‘ఏమండీ’ అనలేదా? ఎప్పుడూ అననిది అను. పేరు పెట్టి పిలువు.”

“పేరా? పెళ్ళయినప్పట్నుంచీ ఒక్కసారి కూడా ఆయన పేరు నా నోట్లోంచి రాలేదురా! బళ్ళో ఫారమ్ నింపేటప్పుడు కూడా పక్కావిడ చేత చెప్పించా!”

“అందుకే కదా! నీ నోట ఆ పేరు ఆ మంచు కూడా విని ఉండదు. పిలువక్కా! నీళ్ళ చప్పుడు దగ్గరకొస్తోంది!”

“...సుధాకర్!”

“ఇంకా గట్టిగా!”

“సుధాకర్!”

“మళ్ళీ! ఆపకు, మళ్ళీ!”

“రావట్లేదురా... గొంతు పూడుకుపోయింది. దేవుడా, ఆయన్ని నాకు ఇచ్చెయ్. నాకింకేమీ వద్దు...”

“ఏడవకు. ఏడవకక్కా. ఇదిగో, పోలీసులు ఎత్తారు. హలో, సర్...”

“ఆగు. బురదలో అడుగుల చప్పుడు.”

“హలో... ఒక్క నిమిషం సర్. ఎటు నుంచి?”

“నా వైపే. తలుపు తియ్యకు.”

“ఏమోయ్, తలుపు తియ్. చలికి చచ్చిపోతున్నా.”

“ఏమండీ! మీరేనా? నన్ను ముట్టుకోండి. చెయ్యి ఇలా ఇవ్వండి. మీరే!”

“నేను కాక ఇంకెవరు? ఒరేయ్ హరీ, నువ్విక్కడున్నావా! నీ పుణ్యమా అని నడుము దాకా తడిశాను.”

“బావా, బావా... కూర్చో. చాయ్ తాగు. సర్, మా బావ వచ్చేశాడు సర్. థాంక్యూ సర్, షుక్రన్, షుక్రన్.”

“నీ డబ్బా నీళ్ళలో పారేశాను.”

“పోనీ బావా. దరిద్రం వదిలింది.”

“దాని ముందు ఒక పిట్ట నిలబడి ఉందోయ్. పోటు వస్తున్నా కదలదు. డబ్బా అరుస్తుంది, అది జవాబిస్తుంది. చూడలేకపోయాను. డబ్బా విసిరేశాకే అది ఎగిరింది. అప్పటికి నాకు ఒడ్డు ఎటో, సముద్రం ఎటో తెలీలేదు.”

“మరి ఎలా వచ్చారండీ?”

“నువ్వు పిలిచావుగా! పేరు పెట్టి! ఇన్నేళ్ళకి! ఆ నీళ్ళలో కూడా నవ్వొచ్చిందోయ్.”

“మరి పలకలేదేం? ఇక్కడ నా ప్రాణం పోయింది.”

“మీ అమ్మగారి మాటే. నిన్ను వెక్కిరించాను గానీ, ఆ నీళ్ళలో నిలబడితే నాకూ భయమేసింది. మొదటిసారి పలకలేదు. రెండోసారీ పలకలేదు. రెండూ ఎక్కడో దూరం నుంచి, అరుస్తున్నట్టు.”

“ఊఁ.”

“మూడోది మాత్రం చెవి పక్కనే, నెమ్మదిగా. ‘సుధాకర్, ఇటు’ అని. దానికి ‘ఓయ్’ అని పలికి, అది నడిచిన వైపే నడిచాను. ఏం, అలా చూస్తున్నావేం?”

“హరీ, కారు తియ్యరా. తొందరగా తియ్... ఏమండీ, నేను పిలిచింది రెండుసార్లే.”