ఇంకాస్త ఎదురుగా

మధ్య ఆసియాలో అమూ నది వరద తీశాక, కోసుకుపోయిన గట్టు మీద బావా బావమరుదులిద్దరూ టీ తాగుతున్నారు. వాళ్ల వెనక పదడుగుల్లోనే బావమరిది ఇల్లు.

“ఆ దౌలత్‌నజర్ నా కొంప ముంచాడు బావా. ఎగువన తన గట్టు నిలబెట్టుకోడానికి మూడేసి దుంగలు ముక్కాలి పీటలా కట్టించి, రాళ్ల బరువేసి ఏట్లో దింపించాడు. ఏరు వాటికి కొట్టుకుని నా మీదకి తిరిగింది.”

“దింపింది ఊరంతా కలిసేగా? నువ్వూ వెళ్లావుగా?”

“వెళ్లక? ఊరి సాయానికి ఎగ్గొడితే రేపు నా శవాన్ని మోసేదెవడు?”

“నడుంలోతు నీళ్లలో నిలబడి కేకలేసింది కూడా నువ్వేనటగా.”

“ఎవడు చెప్పాడు?”

“అందరూ. ‘ఏటి సంగతి నాకు తెలుసు, ఇంకాస్త ఎదురుగా పెట్టండి’ అన్నావట.”

“ముసలాళ్లు ఏటవాలుగా పెడితే చాలన్నారు. నేను వింటేగా! పైగా పనయ్యాక పెద్ద ఇంజనీర్నని, ఊరికి పెట్టిన పలావులో గొర్రెతోక కొవ్వంతా నా పళ్లెంలోనే వేశారు. సిగ్గులేకుండా తిన్నాను.”

“మరి ఈ ఇల్లు?”

“రేపు నా గట్టుకీ దింపుతున్నాం. ఊరిని పిలిచాను. ఆ దౌలత్‌నజర్ అందరికంటే ముందొస్తానన్నాడు, నా మొహాన ఉమ్మినా బాగుండేది.”

“ఎటు తిప్పాలో ఎవరు చెప్తారోయ్?”

“ముసలాళ్లు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాను. కళ్లనీళ్లొచ్చినా ఎవరూ అడగరు.”

“ఇంతకీ ఏట్లో ఎంత పోయింది?”

“ఇంజనీరుగారికా? రొట్టెల పొయ్యి ఒకటి, కర్బూజా చేను రెండు తనాపుల నేల.”