మణికట్టు మీద మరక

నా పదవీ విరమణ సభకి పెద్దగా కూర్చున్న మా డైరెక్టరు గారికి, నాకు పని నేర్పి, ఇవాళ మోకాళ్ల నొప్పితో కూడా మెట్లెక్కి వచ్చిన మా పెద్ద కెమిస్టు గారికి, ముందు వరుసలోంచి "తొందరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకి, మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇవాళ ఇక్కడ నిలబడటానికి నాకు భయంగా ఉంది. ఎందుకో చెప్తాను.

ముప్పై ఒక్క ఏళ్లుగా నల్ల అక్రోటు చెట్టే నా లోకం. మంచి చెట్టే గానీ పొరుగు గిట్టదు. కొత్తలో తెలియక మన ఆవరణలో దాని కింద టమాటా నారు వేస్తే వారం తిరక్కుండా మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. "దానికీ నీకూ ఒకటే గుణమయ్యా, పక్కవాళ్లని బతకనివ్వరు" అన్నారు మా పెద్ద కెమిస్టు గారు. (నవ్వులు) ఆ పని చేసేది జుగ్లోన్ అనే పదార్థం. వేళ్లలోనూ ఆకుల్లోనూ ఉంటుంది, కాయ మీది పచ్చతొక్కలో మరీను. ఆ తొక్క కోసి గాలికి వదిలితే నల్లబడుతుంది, చేతికంటితే వారాలు వదలదు. పూర్వం తామరకి తొక్కే రుద్దేవారు, మనం రసం తీసి పైపూత మందు చేస్తున్నాం. నిలవ ఉంటే మాత్రం జుగ్లోన్ తగ్గిపోతుంది, అదే మన తలనొప్పి.

అందుకే మన ల్యాబులో ఒక అలవాటు ఉంది. కొత్త రసం రాగానే ఒక చుక్క మణికట్టుకి రాసి పది నిమిషాలు ఆగుతాం. మరక పడితే బాగున్నట్టు, అనుమానం వస్తేనే జుగ్లోన్ కొలిచే మిషన్‌కి పంపుతాం. ఆ చేయి ఎప్పుడూ నాదే. అదో గొప్ప నాకు.

పోయిన వారం నా స్థానంలోకి వస్తున్న అమ్మాయికి ఇది చూపిస్తూ, "చూడమ్మా, పడింది" అన్నాను. ఆ అమ్మాయి నా చేయి కిటికీ వైపు తిప్పి, "సార్, ఇది ఇప్పుడు పడిందా, ముందు నుంచీ ఉందా?" అని మెల్లగా అడిగింది. అదే రసం తన చేతికి రాసుకుంది. పది నిమిషాలు చూశాం, ఇరవై చూశాం. ఏమీ పడలేదు.

ఎన్నాళ్లుగా పాత మరకనే చూసి కొత్తది అనుకుంటున్నానో నాకే తెలియదు. ఈ ఏడాది పదకొండు బ్యాచులకి సంతకం పెట్టాను. ఒక్కటీ మిషన్‌కి పంపలేదు, నాకు అనుమానమే రాలేదు మరి. ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఇవాళ పొద్దున ఇదంతా కాగితం మీద రాసిస్తే డైరెక్టరు గారు "రేపు చూద్దాం, ఇవాళ సంతోషంగా వెళ్లండి" అన్నారు. క్షమించండి సార్, ఆ పదకొండూ వెనక్కి తెప్పిస్తామని ఇక్కడే మాటివ్వండి. నేను ఆగుతాను. (డైరెక్టరు గారు లేచి నిలబడి "తెప్పిస్తాం" అన్నారు.) బతికించారు సార్.

ఇన్నేళ్లు నా నోటినీ, నా పట్టుదలనీ భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఇక ఒక్కరితోనే మాట మిగిలింది. తలుపు దగ్గర నిలబడ్డ మన వ్యాన్ డ్రైవర్ రెండు నెలల కింద నా దగ్గరికొచ్చి, "తామరకి మన మందు రాస్తున్నా తగ్గట్లేదు సార్" అంటే, "సరిగ్గా రాసుకోవడం చేతకాక మందుని అంటావా" అని నలుగురి ముందూ కసిరాను.

తమ్ముడూ, నువ్వు సరిగ్గానే రాసుకున్నావు.

సెలవు.